బత్తాయి రసానికి అల్ట్రాసౌండ్ మెషిన్ కొనమంటున్నారు, కొనాలా వద్దా?

బత్తాయితోట_నల్గొండ

అందరికీ నమస్కారం. మాది నల్గొండ వైపు. అయిదెకరాల తోట, అన్నీ సాత్‌గుడి బత్తాయి చెట్లే. ధర పడిపోయినప్పుడు కాయ లారీకెత్తితే కోత కూలి కూడా రావట్లేదని, పదకొండు మంది ఆడవాళ్లం కలిసి రసం తీసి 200 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాం. ప్రస్తుతానికి పెళ్లిళ్లకి, దగ్గర్లోని రెండు హాస్టళ్లకి ఇస్తున్నాం. ఏ రోజు తీసింది ఆ రోజే పోవాలి.

మా బాధలు రెండు. ఒకటి, ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి పైన తేట నీళ్లు, అడుగున మడ్డి. చూసినవాళ్లు నీళ్లు కలిపారంటున్నారు. చుక్క నీళ్లు కలపం. ఆ మాట అన్నప్పుడు చాలా బాధేస్తుంది. రెండోది, పొద్దున తియ్యగా ఉన్న రసం సాయంత్రానికి చేదెక్కుతోంది.

పోయిన వారం ఒక మెషిన్ల కంపెనీ మనిషి వచ్చాడు. అల్ట్రాసౌండ్ తొట్టిలో పది నిమిషాలు పెడితే చాలట. వేడి చేయక్కర్లేదట, ఆరు నెలలు నిలుస్తుందట, విటమిన్ సి పెరుగుతుందట, చేదు కూడా పోతుందట. బ్యాంకు లోన్ కోసం కొటేషన్ కూడా ఇచ్చి వెళ్లాడు. నెలాఖరులోగా మాట చెప్పాలి. పదకొండు మంది డబ్బు కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

---

గుజ్జు_చిత్తూరు

అమ్మా, సంతకం పెట్టకండి. ముందు అది ఆపండి, తర్వాత మాట్లాడుకుందాం.

నేను చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పద్దెనిమిదేళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లో నెలల తరబడి బయటే ఉంటుందంటే దానికి కారణం వేడి. గుజ్జును వేడి చేసి, హోల్డింగ్ ట్యూబులో కొన్ని సెకన్లు ఆ వేడి మీదే నిలిపి, చల్లార్చి, గాలి తగలకుండా స్టెరైల్ (క్రిములు లేని) సంచిలోకి నింపుతాం. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా సంచి ఉబ్బిపోతుంది. ఒక తొట్టిలో పది నిమిషాలు పెట్టి ఆరు నెలలు అనేవాడు రసం గురించి తెలియనివాడైనా అయ్యుండాలి, తెలిసీ చెప్పనివాడైనా అయ్యుండాలి.

---

రసం_బాపట్ల

అక్కా నమస్తే. నేను బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నాను, పీజీ ప్రాజెక్టు అల్ట్రాసౌండ్ మీదే. గుజ్జు అన్న చెప్పినదాంట్లో ఆరు నెలల సంగతి వరకు నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ అల్ట్రాసౌండ్ పనికిరానిది అంటే మాత్రం ఒప్పుకోలేను. అది బాగా చేసే పనులు వేరే ఉన్నాయి. అవి మీ మొదటి బాధకు సంబంధించినవే.

అసలు జరిగేది ఏమిటంటే, మన చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది. ఆ పైది అల్ట్రాసౌండ్. రసాలకు వాడేది ఎక్కువగా 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ మధ్యలో, బాగా బలంగా. అంత బలమైన శబ్దం ద్రవంలోకి పోతే లోపల ఒత్తిడి సెకనుకు వేల సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గినప్పుడు కంటికి కనపడని బుడగలు పుడతాయి, కాస్త కాస్త పెరుగుతాయి, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా లోపలికి కూలిపోతాయి. దీన్ని కేవిటేషన్ అంటారు. ఇలా కూలే బుడగ దగ్గర ఎంత ఒత్తిడి పుడుతుందో బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త రేలీ 1917లోనే లెక్కగట్టాడు. అప్పట్లో ఓడల ప్రొపెల్లర్లు గుంటలు పడి పాడవుతుండేవి, దానికి కారణం ఈ బుడగలే. కూలే క్షణంలో ఆ సూదిమొనంత చోట వేల డిగ్రీల వేడి, వందల రెట్ల వాతావరణ పీడనం ఉంటాయి. సెకనులో పదిలక్షో వంతులోనే అంతా అయిపోతుంది కాబట్టి చుట్టూ ఉన్న రసం వెంటనే ఉడికిపోదు.

ఆ దెబ్బకు రసంలోని గుజ్జు రేణువులు చిన్న చిన్నగా పగులుతాయి. రేణువు చిన్నదైతే అడుగుకు దిగడానికి చాలాసేపు పడుతుంది. అందుకే అల్ట్రాసౌండ్ పెట్టిన నారింజ రసం ఎక్కువ రోజులు చిక్కగా, ఒకే రంగులో కనపడుతుంది. నోట్లో కూడా నున్నగా ఉంటుంది. తీపి, పులుపు, పీహెచ్ (పులుపును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ పులుపెక్కువ) దాదాపు మారవు. చాలా పండ్ల మీద పరిశోధనల్లో ఇదే తేలింది.

---

సూక్ష్మం_వరంగల్

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. బత్తాయితోట గారికి ముందు క్రిముల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ సీసాలు హాస్టల్ పిల్లలు తాగుతున్నారు.

శబ్దంతో బాక్టీరియాను చంపొచ్చని 1929లోనే హార్వే, లూమిస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. కొత్త విషయం కాదు. దాదాపు వందేళ్లుగా తెలిసి కూడా రసాల ఫ్యాక్టరీలు దీన్ని పాశ్చరైజర్ (రసం కాచి క్రిముల్ని చంపే మెషిన్) స్థానంలో పెట్టుకోలేదంటే కారణం ఉంది. మామూలు వేడిలో, మామూలు పీడనంలో అల్ట్రాసౌండ్ ఒక్కటే పది నిమిషాలు పెడితే తగ్గేది సాధారణంగా ఒకటి నుంచి మూడు లాగ్‌లు. ఒక లాగ్ అంటే పదింట తొమ్మిది చావడం. మూడు లాగ్‌లంటే వెయ్యిలో ఒకటి మిగలడం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ మిల్లీలీటరులో లక్ష ఉన్నచోట వెయ్యిలో ఒకటి మిగిలితే వంద ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ వంద మళ్లీ లక్షలవడానికి ఎంతోసేపు పట్టదు.

అన్ని క్రిములూ ఒకేలా చావవు కూడా. పొడుగ్గా, పెద్దగా ఉన్నవి త్వరగా పగులుతాయి. గుండ్రటివి తట్టుకుంటాయి. గోడ మందంగా ఉన్న గ్రామ్ పాజిటివ్ రకాలు ఇంకా తట్టుకుంటాయి. స్పోర్లయితే, అంటే కొన్ని బాక్టీరియా గట్టి పెంకులో నిద్రపోయే రూపమైతే, ఈ శబ్దానికి చలించవు.

---

ఫ్రెస్నో_తెలుగు

సూక్ష్మం మేడం చెప్పినదానికి ఇక్కడి సంగతి కలుపుతాను. నేను కాలిఫోర్నియాలో రసాల ప్లాంటులో పనిచేస్తాను. 1996లో ఇక్కడ పాశ్చరైజ్ చేయని ఆపిల్ రసంలో ఈ. కోలై ఓ157 అనే ప్రమాదకరమైన బాక్టీరియా చేరి చాలామంది జబ్బుపడ్డారు, ఒక పసిపాప చనిపోయింది. అప్పటిదాకా ఆపిల్ రసం పుల్లగా ఉంటుంది కదా, క్రిములు బతకవులే అనుకునేవాళ్లు. ఆ తర్వాత 2001లో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ) రసాల నియమం తెచ్చింది. ఏ పద్ధతైనా వాడుకోండి, ఆ రసంలో రాగల ప్రమాదకరమైన క్రిమిని 5 లాగ్‌లు తగ్గించాలి, అంటే లక్షలో ఒక్కటే మిగలాలి, దాన్ని రుజువు చేయాలి అంది. వేడి చేయాలని చెప్పలేదు. అందుకే ఇక్కడ యూవీ (అతినీలలోహిత కాంతి), హై ప్రెషర్ కూడా నడుస్తున్నాయి. అల్ట్రాసౌండ్ ఒక్కదాన్నే నమ్ముకున్న ప్లాంటు నేనైతే చూడలేదు.

మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది. ఆ కంపెనీ మనిషి చూపించింది కడ్డీలా ఉండి రసంలో ముంచేదా, లేక స్టీలు తొట్టా? రెండింటికీ చాలా తేడా.

---

బత్తాయితోట_నల్గొండ

స్టీలు తొట్టి సర్. కళ్లజోళ్ల షాపులో అద్దాలు కడిగే చిన్న తొట్టి ఉంటుంది చూడండి, అలాంటిదే, పెద్దది. నీళ్లు పోసి అందులో సీసాలు నిలబెట్టమన్నాడు. 40 కిలోహెర్ట్జ్, 600 వాట్లు అని పక్కన రాసి ఉంది. డెమో మెషిన్ ఇంకా మా దగ్గరే ఉంది, శుక్రవారం వచ్చి తీసుకెళ్తాడు.

---

ఫ్రెస్నో_తెలుగు

మెషిన్ మీ చేతిలో ఉండటం మంచిదైంది. శుక్రవారంలోపు రెండు పరీక్షలు చేయండి, పైసా ఖర్చు లేదు.

ఒకటి, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ఒక పొడుగు ముక్క కత్తిరించండి. తొట్టిలో నీళ్లు పోసి, ఫాయిల్‌ను అడుగు తగలకుండా నిలువుగా వేలాడదీసి, ఒక నిమిషం మెషిన్ వేయండి. తీసి వెలుతురుకు పట్టి చూడండి. బుడగలు కూలినచోట చిల్లులు, గుంటలు పడతాయి. ఎక్కడ పడ్డాయో, ఎక్కడ పడలేదో గుర్తుపెట్టుకోండి.

రెండు, పది లీటర్లు కొలిచి పోయండి. థర్మామీటరు పెట్టి మొదటి వేడి రాసుకోండి. పది నిమిషాలు నడిపి మళ్లీ చూడండి. శబ్దంగా లోపలికి వెళ్లిన శక్తి చివరికి వేడిగానే మారుతుంది. కాబట్టి ఎంత వేడెక్కిందో తెలిస్తే నిజంగా ఎన్ని వాట్లు నీళ్లలోకి వెళ్లాయో లెక్క కట్టొచ్చు. బోర్డు మీద రాసింది కరెంటు మీటరు లెక్క, రసానికి అందేది వేరు. తొట్టికి హీటర్ ఉంటే అది ఆపేసి చేయండి.

---

అమ్మమ్మవంటిల్లు

అడగొచ్చో లేదో తెలియదు. అల్ట్రాసౌండ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకు తీసే స్కానింగే కదా? ఆ కిరణాలు రసంలో ఉండిపోవా? మా మనవరాలికి ఇలాంటి రసం ఇవ్వొచ్చా?

---

రసం_బాపట్ల

తప్పకుండా అడగాలి అమ్మమ్మగారూ. అది కిరణం కాదు, శబ్దం. గుడి గంట మోగడం ఆగాక గాల్లో గంట మిగలదు కదా, ఇదీ అంతే, స్విచ్ ఆపగానే ఏమీ ఉండదు. స్కానింగ్‌లో వాడేది ఇంకా చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. బలం మాత్రం చాలా తక్కువ. బొమ్మ చూడటానికే పనికొస్తుంది, దేన్నీ పగలగొట్టదు. రసానికి వాడేది తక్కువ ఫ్రీక్వెన్సీ, ఎక్కువ బలం. పేరొకటే గానీ పనులు వేరు.

కడ్డీ రకం మెషిన్లలో మాత్రం ఒకటి గమనించాలి. ఆ కడ్డీ మొన టైటానియం మిశ్రమలోహంతో చేస్తారు. ఫాయిల్‌కు గుంటలు పడినట్టే ఏళ్లు గడిచేకొద్దీ దానికీ పడతాయి. అరిగిన మొనను మార్చకుండా వాడితే లోహపు రేణువులు రసంలోకి రావచ్చు. మా ల్యాబ్‌లో కొత్త మొన అద్దంలా మెరుస్తుంది. పాతది వేలితో తడిమితే ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. మొనను ఎన్ని గంటలు వాడారో రాసుకునే పుస్తకం లేని చోట ఆ రసం నేను తాగను.

మనవరాలి విషయానికి వస్తే, ఆలోచించాల్సింది శబ్దం గురించి కాదు. పాశ్చరైజ్ చేయని రసం ఏదైనా చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు అప్పటికప్పుడు శుభ్రంగా తీసిందైతేనే ఇవ్వాలి.

---

చెరకురసం_అనకాపల్లి

చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది. మాది చెరకు రసం. తీసిన పావుగంటకే నల్లబడుతుంది, గంటల్లో పులుస్తుంది, ఒక్కోసారి జిగురు తీగలు సాగుతుంది. దీనికి పనికొస్తుందా?

---

సూక్ష్మం_వరంగల్

అన్నా, మీ రసంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బత్తాయి, మామిడి, దానిమ్మ రసాల పీహెచ్ 4.6 కంటే తక్కువ. అంత పులుపులో బొటులిజం (ప్రాణం తీసే ఆహార విషం) తెచ్చే క్లాస్ట్రీడియం స్పోరు మొలకెత్తదు. అందుకే వంద డిగ్రీల లోపు పాశ్చరైజేషన్ సరిపోతుంది. చెరకు రసం పీహెచ్ 5 దాటి ఉంటుంది. పుచ్చకాయ రసం కూడా అంతే. వాటిని గాలి చొరని సీసాలో మూతబెట్టి బయట నిల్వ చేయాలనే ఆలోచన, అల్ట్రాసౌండ్‌తో గానీ మామూలు కాచుడుతో గానీ, పెట్టుకోకండి. నిమ్మరసం కలిపి పులుపు పెంచడం, వెంటనే చల్లబరచడం, ఆ రోజే అమ్మేయడం మేలు.

జిగురు సాగేది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా పంచదారను డెక్స్‌ట్రాన్‌గా మార్చడం వల్ల. రోలర్ల సందుల్లో ఇరుక్కున్న పిప్పిలో అది కాపురం పెడుతుంది. రోజుకు రెండుసార్లు రోలర్లు విప్పి మరిగే నీళ్లతో కడిగితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

---

రసం_బాపట్ల

నల్లబడటం గురించి నేను చెబుతాను. అది పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని. కోసిన ఆపిల్, వంకాయ నల్లబడేదీ దీనివల్లే. అల్ట్రాసౌండ్ చల్లగా పెడితే దీన్ని సరిగా ఆపలేదు. ఒక్కోసారి కణాలు పగిలి లోపలి ఎంజైమ్ ఇంకా బయటకొచ్చి పని ఎక్కువవుతుంది కూడా. 50, 60 డిగ్రీల వేడి జత చేస్తేనే లొంగుతుంది.

దీన్ని థర్మోసోనికేషన్ అంటారు. నా దృష్టిలో అల్ట్రాసౌండ్‌కు రసాల్లో భవిష్యత్తు ఉంటే అది ఇక్కడే ఉంది. మామూలుగా ఎక్కువ వేడి అడిగే పనిని తక్కువ వేడితో చేయించొచ్చు. వేడికి మెత్తబడ్డ క్రిమి గోడను బుడగల దెబ్బ సులువుగా పగలగొడుతుంది. అయితే వేడి మరీ పెరిగితే బుడగలో ఆవిరి నిండి, అది మెత్తని దిండులా పనిచేసి, కూలే దెబ్బ తగ్గిపోతుంది. దానికి విరుగుడుగా స్పెయిన్‌లోని జరగోజాలో పరిశోధకులు పైనుంచి పీడనం కూడా కలిపారు. వేడి, పీడనం, శబ్దం మూడూ కలిస్తే టమాటా రసంలోని మొండి ఎంజైమ్‌లు కూడా చాలా త్వరగా చచ్చాయి. ఇది 1990లలో మాట.

---

గుజ్జు_చిత్తూరు

తమ్ముడూ, బాగా చెప్పావు. కానీ ఒక విషయం దాటేశావు. నారింజ జాతి రసం తేట కట్టేది రేణువు పెద్దదైనందుకు మాత్రమే కాదు. అసలు దొంగ పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్. పెక్టిన్ అంటే పండు కణాల గోడల్లోని జిగురు పదార్థం. రసం తీసిన క్షణం నుంచి అది పెక్టిన్‌ను కోస్తూ ఉంటుంది. కోసిన పెక్టిన్ రసంలోని కాల్షియాన్ని పట్టుకుని గడ్డకట్టి, చుట్టూ ఉన్న మడ్డినంతా వెంటేసుకుని అడుగుకు దిగుతుంది. వేడికి క్రిములకంటే ఇదే ఎక్కువ తట్టుకుంటుంది. నారింజ రసాన్ని 90 డిగ్రీలు దాటించి నిమిషం దాకా ఉంచేది క్రిముల కోసం కాదు, దీని కోసమే. నీ అల్ట్రాసౌండ్ రేణువును ఎంత చిన్నది చేసినా ఈ ఎంజైమ్ బతికున్నంత కాలం ఎప్పటికో ఒకప్పటికి తేట కడుతుంది. అవునా కాదా?

---

రసం_బాపట్ల

అవునన్నా. అది నేను ముందే చెప్పాల్సింది. చల్లటి అల్ట్రాసౌండ్ తేట కట్టడాన్ని వాయిదా వేస్తుంది, ఆపదు.

---

దానిమ్మ_అనంతపురం

విటమిన్ సి పెరుగుతుందన్న మాట మీద ఎవరూ ఏమీ అనలేదు. మా దానిమ్మ రసం వాళ్లకు కూడా అదే చెబుతున్నారు, ఫినాల్స్ (ఒంటికి మేలని చెప్పే మొక్కల పదార్థాలు) పెరుగుతాయని రిపోర్టు కూడా చూపించారు.

---

రసం_బాపట్ల

విటమిన్ సి పెరగదండీ. పండులో ఉన్నంతే ఉంటుంది, ఎక్కడి నుంచి పుడుతుంది? అల్ట్రాసౌండ్ దాన్ని రెండు వైపులకూ లాగుతుంది. రసంలో కరిగి ఉన్న గాలిని బుడగలుగా బయటికి తీసేస్తుంది, ఆక్సిజన్ తగ్గితే విటమిన్ నిలుస్తుంది. అదే సమయంలో బుడగ కూలే చోట నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేనితోనైనా వెంటనే కలబడే ముక్కలు), కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి, అవి విటమిన్‌ను తింటాయి. మొత్తమ్మీద కొద్దిగా తగ్గుతుంది. కాచిన రసంతో పోలిస్తే ఎక్కువ మిగలొచ్చు. పచ్చి రసంతో పోలిస్తే ఎక్కువ ఉండదు. పోలిక దేనితో అన్నది చెప్పకుండా 'పెరిగింది' అంటే నమ్మకండి.

దానిమ్మ ఎరుపు ఆంథోసయనిన్‌లు అనే రంగు పదార్థాల వల్ల. ఆ రాడికల్స్‌కు అవి బాగా లోకువ. తక్కువ బలంతో, తక్కువసేపు అయితే కంటికి తేడా కనపడదు. బలం పెంచి ఎక్కువసేపు పెడితే ఎరుపు వెలుస్తుంది.

ఫినాల్స్ పెరగడం మాత్రం నిజం కావచ్చు. కణాల గోడల్లో ఇరుక్కున్నవి పగిలి రసంలోకి వస్తాయి. మామిడిలో కెరోటినాయిడ్స్ (పసుపు రంగు పదార్థాలు) కూడా అలాగే వస్తాయి. కానీ ఆ రిపోర్టు రంగు చూసి ఫినాల్స్ కొలిచే ఫోలిన్ పరీక్షతో చేసిందేమో చూడండి. ఆ పరీక్షకు విటమిన్ సి కూడా ఫినాల్ లాగే రంగు ఇస్తుంది. ఒక్క అంకె చూసి మురిసిపోవద్దు.

---

బత్తాయితోట_నల్గొండ

ఫ్రెస్నో సర్ చెప్పిన రెండు పరీక్షలూ ఈరోజు చేశాం. మా పిల్లలు కూడా కూర్చున్నారు.

ఫాయిల్ నిమిషం తర్వాత తీసి కిటికీకి పట్టాం. అడుగున గుండ్రటి బిళ్లలు అతికించి ఉన్నచోట్ల, వాటికి సరిగ్గా పైన, జల్లెడలా చిన్న చిన్న చిల్లులు. ఒక చోట వేలు దూరేంత చిరిగింది. బిళ్లల మధ్య సందుల్లో, మూలల్లో ఫాయిల్ కొత్తదానిలాగే ఉంది, చిన్న గీత కూడా పడలేదు. రెండోసారి చేసినా అంతే.

నీళ్లు పది లీటర్లు. మొదట 27 డిగ్రీలు, పది నిమిషాల తర్వాత 30. హీటర్ ఆపే ఉంచాం. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది?

---

ఫ్రెస్నో_తెలుగు

చాలా తెలుస్తుంది. పది కిలోల నీళ్లు మూడు డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 1,25,600 జౌళ్లు. 600 సెకన్లతో భాగిస్తే 209 వాట్లు. బోర్డు మీద 600, నీళ్లలోకి 209. లీటరుకు 21 వాట్లు. అది కూడా తొట్టి నీళ్లలోకి. గాజు సీసా దాటి లోపలి రసానికి చేరేది ఇంకా తక్కువ. మూలన నిలబెట్టిన సీసాకు ఏమీ అందదు. ఒక సీసాకు అందింది పక్క సీసాకు అందకపోతే అది ఫుడ్ ప్రాసెస్ అనిపించుకోదు.

పోలికకు చెబుతాను. ల్యాబ్‌లో కడ్డీ రకం మెషిన్ అర లీటరు రసాన్ని ప్రతి 20 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కిస్తే అది దాదాపు 100 వాట్లు, అంటే లీటరుకు 200. మీ తొట్టికి పది రెట్లు. అయినా క్రిముల విషయంలో వచ్చే ఫలితం మేడం చెప్పినంతే. ఇంకోటి గమనించండి, అలా పది నిమిషాలు నడిపితే ఐసు పెట్టకపోతే రసం 30 డిగ్రీలు వేడెక్కుతుంది. 25తో మొదలైతే 55. 'వేడి లేని పద్ధతి' అని రాసినవాటిలో సగం పని చేసేది ఆ వేడే. ఏ రిపోర్టు చూసినా చివరి వేడి ఎంతో రాశారా లేదా అన్నది నేను మొదట చూస్తాను.

ఖర్చు కూడా లెక్కేద్దాం. ఆ కడ్డీ పది నిమిషాల్లో లీటరుకు 120 కిలోజౌళ్లు పోస్తుంది. లీటరు రసాన్ని 25 నుంచి 90కి కాచాలంటే సుమారు 260. కానీ ప్లేట్ పాశ్చరైజర్‌లో బయటికొచ్చే వేడి రసం లోపలికొచ్చే చల్లరసాన్ని వేడి చేస్తుంది. అందులో 80 శాతం తిరిగి వాడుకుంటే నికరంగా 52 చాలు. కరెంటు కలిసొస్తుందన్న మాట కూడా నిలవదు.

---

గుజ్జు_చిత్తూరు

ఇక చేదు సంగతి. అమ్మా, రసం ఎలా తీస్తున్నారు?

---

బత్తాయితోట_నల్గొండ

తొక్క ఒలిచి, తొనలు అలాగే స్క్రూ జ్యూసర్‌లో వేస్తాం. గింజలతో సహా.

---

గుజ్జు_చిత్తూరు

అక్కడే ఉంది. బత్తాయి తెల్ల తొక్కలో, తొన పొరల్లో, గింజల్లో చేదుకు ముందు రూపం ఒకటి ఉంటుంది. అది చేదుగా ఉండదు. నలిగి పుల్లటి రసంలో కలిసిన తర్వాత మెల్లగా లిమోనిన్ అవుతుంది, అది కటిక చేదు. అందుకే పొద్దున తీపి, సాయంత్రం చేదు. కాస్తే ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. అల్ట్రాసౌండ్ దీన్ని ఎలా తీసేస్తుంది? పొరల ముక్కలు ఉన్న రసంలో పెడితే వాటిని ఇంకా పగలగొట్టి మరింత బయటకు లాగుతుంది. పెద్ద ప్లాంట్లలో చేదును పీల్చుకునే రెజిన్ గుళికలు నింపిన గొట్టాల్లోంచి పంపి చేదు తీస్తారు, అది మీకు ఇప్పుడే అక్కర్లేదు.

స్క్రూ మానేయండి. కాయను అడ్డంగా రెండు చెక్కలు కోసి, శంకు ఆకారం పిండేదాని మీద మెల్లగా పిండండి. తెల్ల తొక్క దాకా నొక్కొద్దు. గింజలు, పొరలు వెంటనే జల్లెడ పట్టేయండి, అరగంట కూడా రసంలో నానబెట్టొద్దు. రసం కాస్త తక్కువ వస్తుంది, దానికి సిద్ధపడండి. బాగా పండిన కాయలో ఈ చేదు తక్కువ, కాబట్టి పచ్చికాయ కలపకండి.

---

రసం_బాపట్ల

అక్కా, వీలైతే ఒక బస్తా కాయతో మా ల్యాబ్‌కు రండి. మా గైడ్ మేడంను అడిగాను, సరే అన్నారు. నాలుగు రకాలుగా చేసి పక్కపక్కన పెట్టి చూద్దాం.

---

బత్తాయితోట_నల్గొండ

పదిరోజులు దాటింది రాసి, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. నేనూ, మా గుంపులో ఇంకొకామె బాపట్ల వెళ్లొచ్చాం. తమ్ముడు పొద్దున్నుంచి రాత్రి దాకా మాతోనే ఉన్నాడు.

రసం గుజ్జు అన్న చెప్పినట్టే చేత్తో పిండాం. నాలుగు భాగాలు చేశాం. పచ్చిది, ఐసులో పెట్టి కడ్డీ అల్ట్రాసౌండ్ పది నిమిషాలు, 58 డిగ్రీల వేడిలో అదే పది నిమిషాలు, 90 డిగ్రీల్లో ఒక నిమిషం కాచింది. ఆ కడ్డీ వేసినప్పుడు చెవులు గింగుర్లెత్తాయి. పెట్టెలో మూసి, చెవులకు మఫ్లు పెట్టుకుని చేస్తారు. కొటేషన్ ఇచ్చిన మనిషి ఈ మాట చెప్పనే లేదు.

సీసాలు ఫ్రిజ్‌లో ఒకే వరసలో పెట్టి రోజూ ఫోటో తీసి పంపాడు. పచ్చిది మర్నాటికే విడిపోయింది. ఐసు అల్ట్రాసౌండ్‌ది మొదటి రోజు చూసి నాకు కళ్లు తిరిగాయి, అంత చక్కని పసుపు, మీగడ కలిపినట్టు. నాలుగో రోజు దాకా అలాగే ఉంది. ఆరో రోజు సీసా మెడ కింద వేలెడంత తేట కనపడింది. ఎనిమిదో రోజు మూత తీస్తే బుస్సుమంది, పులిసిన వాసన. 58 డిగ్రీలది పదో రోజుకీ విడిపోలేదు, రుచిలో పచ్చి రసానికి దగ్గరగా ఉంది, మాకు అందరికీ అదే నచ్చింది. కానీ క్రిముల్ని పెంచి లెక్కపెట్టే ప్లేట్ మీద చూస్తే అవి పూర్తిగా పోలేదు, ఫ్రిజ్ లేకుండా దాన్ని అమ్మలేమన్నారు మేడం. కాచింది గట్టిగా నిలబడింది, కాస్త ఉడుకు వాసన ఉంది.

చేదు నాలుగింటిలోనూ బాగా తగ్గింది. కాచినదాంట్లో కొంచెం తెలుస్తోంది. అంటే మా రెండో బాధ మెషిన్‌ది కాదు, మా పిండుడుది.

డెమో తొట్టి వెనక్కి పంపేశాం. లోన్ కాగితాలు కూడా వాపసు తీసుకున్నాం. పదకొండు మందీ ఆ రాత్రి నిద్రపోయాం.

---

సూక్ష్మం_వరంగల్

చాలా సంతోషం. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నియమాల్లో 'థర్మల్లీ ప్రాసెస్డ్ ఫ్రూట్ జ్యూస్' అనే తరగతి ఉంది. కాచి సీలు వేసిన రసం అందులోకి వస్తుంది. మీరు చేసే పద్ధతి ఏదో అదే దరఖాస్తులో రాయండి. హాస్టళ్లకు ఇచ్చేది ఈలోపు తీసిన గంటలోనే చల్లబరిచి పంపండి.

---

రసం_బాపట్ల

అక్కా, 58 డిగ్రీల పద్ధతిని నేను వదిలిపెట్టట్లేదు. పైపులో పారుతూ కడ్డీ ముందు నుంచి వెళ్లేలా చిన్న సెల్ (గది లాంటి గొట్టం) ఒకటి ల్యాబ్‌లో ఉంది. కేవిటేషన్ మొన నుంచి కొద్ది సెంటీమీటర్లలోనే బలంగా ఉంటుంది కాబట్టి గిన్నెలో కంటే అందులో ప్రతి చుక్కకూ సమానంగా అందుతుంది. దాని వెనక కొన్ని సెకన్లు 75 డిగ్రీలు కలిపి చూస్తాను. తర్వాతి కోతకు మళ్లీ కాయ కావాలి.

---

బత్తాయితోట_నల్గొండ

ఒక బస్తా కాదు తమ్ముడూ, రెండు తెస్తాను. ఈలోపు కాచి నింపడం మొదలుపెడుతున్నాం. గాజు సీసాలు వేడి రసం పోస్తే పగులుతున్నాయి, దానికేం చేయాలి?

---

గుజ్జు_చిత్తూరు

సీసాలను ముందు వేడినీళ్లలో 70 డిగ్రీల దాకా కాగనివ్వండి, నీళ్లు వంపేసి వెంటనే పోయండి. రసం సీసాలో పడేటప్పుడు 85కి తగ్గకూడదు. మెడ దాకా నింపి, మూత బిగించి, మూడు నిమిషాలు పడుకోబెట్టండి, మూత లోపలి వైపు కూడా ఆ వేడి తగలాలి. తర్వాత ఒక్కసారిగా చన్నీళ్లలో వేయకండి, ముందు గోరువెచ్చని నీళ్లు, ఆ తర్వాత చల్లవి. మొదటి వంద సీసాల్లో పది పక్కన పెట్టి రెండు వారాలు బయటే ఉంచి చూడండి. ఒక్క మూత ఉబ్బినా నాకు ఫోటో పెట్టండి.